ఉద్యోగిని ప్రయాణపు పెట్టె

తెలుగునాట ఉపాధ్యాయ నియామకములు జరిగినపుడెల్ల వేల యిండ్లలో ఒక చిన్న చర్చ నడచును. 2024లో తెలంగాణమున 11,062 పదవులకు, 2025లో ఆంధ్రప్రదేశమున 16,347 పదవులకు డి.యస్సీ. పరీక్షలు జరిగినవి. నియామకపత్రముల నందుకొన్నవారిలో యువతులెందరో గలరు. పత్రము చేతికి వచ్చిన సాయంత్రమే తల్లి బీరువా తెరచి, "బడికి పోయే పిల్లవి, నాలుగు మంచి చీరలు లేకపోతే ఎలాగమ్మా?" అనును. పెండ్లియైన పిల్ల యైనచో అత్తగారు మరియొక మాట చేర్చును. తండ్రి తొలి జీతము వచ్చువరకు ఆగుమనును. వీధి చివర కుట్టుమిషను పెట్టుకొన్నామె రవికల కొలతలు తీసికొని, లైనింగు వేయవలయునా వలదా అని యడుగును. ఇంతమంది ఇన్ని మాటలు పలుకుదురు గాని, ఆ బడి యెంత దూరమున నున్నది, ఎన్ని గంటల బస్సునకు పోవలయును, బస్సు దిగిన పిమ్మట ఎంత దూరము నడువవలయును అను ప్రశ్నలను మాత్రమెవ్వరును అడుగరు. మన యిండ్లలో బట్టలను గూర్చిన చర్చ యెల్లప్పుడును అద్దము ముందే జరుగును.

సాహిత్యపు పుటలలో బట్టల ముచ్చట యేమని నవ్వువారు నవ్వవచ్చును. నాయికల వలువలను వర్ణించుటకు మన ప్రబంధకవులు వెచ్చించిన పద్యములకు లెక్క లేదు. వాటి నన్నిటిని తరగతిగదులలో గంభీరముగనే బోధించుచున్నాము. ఆ నాయికలలో ఒక్కతెయైనను ఉదయము ఏడు గంటల బస్సును అందుకొనవలసినది కాదు. అందుకొనవలసిన స్త్రీలు ఇప్పుడు లక్షలుగా నున్నారు గనుక, వారి వలువలను గూర్చియు కొంత విచారించుట అనుచితము కాదు.

తొలి కొలువు సాధారణముగా సొంత యూర లభింపదు. మండలకేంద్రమునకు ఆవల, బస్సు దినమునకు రెండు మూడు మారులు మాత్రమే పోవు గ్రామమున లభించును. యువతి పట్టణముననే కాపురముండి, ప్రతిదినము పోయి వచ్చుటకు నిశ్చయించుకొనును. పల్లెవెలుగు బస్సు, తరువాత షేరు ఆటో, అటుపిమ్మట కాలినడక. తెలంగాణమున 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకము క్రిందను, ఆంధ్రప్రదేశమున 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకము క్రిందను ఆర్టీసీ బస్సులలో స్త్రీలకు ఉచితప్రయాణము ప్రారంభమైనది. క్రొత్త ఉద్యోగిని జీతములో ఇది చిన్న ఆదా కాదు. అయితే బస్సులలో సమ్మర్దము హెచ్చినది. ఆ సమ్మర్దమున నిలుచున్న యువతిని ఒక్కమారు ఊహింపుడు. ఒక చేయి పైకడ్డీని పట్టుకొన్నది. రెండవ చేతి సంచిలో అన్నపు డబ్బాయు, దిద్దవలసిన పుస్తకముల కట్టయు ఉన్నవి. కండక్టరు వచ్చి గుర్తింపుకార్డు చూపుమనును. అది చూపనిదే ఉచితపు టిక్కెట్టు రాదు. కార్డు సంచి యడుగున ఎక్కడనో యున్నది. భుజము మీది పైట జారుచున్నది. దానిని సవరించుకొనుటకు మూడవ చేయి లేదు. ప్రక్కనే నిలుచున్న సహోపాధ్యాయుడు ప్యాంటు జేబులోనుండి పర్సు తీసి, సొమ్ము చెల్లించి, పర్సును మరల జేబులో వేసికొని, తీరికగా కిటికీ వంక చూచుచుండును. ఇద్దరును ఒకే బడికి పోవువారే. ఒకే తరగతికి పాఠము చెప్పువారే.

బస్సు పోని యూళ్లకు ద్విచక్రవాహనమే శరణ్యము. చీరచెంగునకును చక్రమునకును గల వైరము క్రొత్తది కాదు. 1989లో వచ్చిన కేంద్ర మోటారు వాహనముల నియమములలో 123వ నియమము, వెనుక కూర్చున్నవారి బట్టలు చిక్కుకొనకుండుటకై మోటారుసైకిలు వెనుక చక్రమును సగమునకు తగ్గకుండ కప్పు రక్షణ యుండవలయునని నిర్దేశించుచున్నది. దుకాణములవారు దానిని శారీగార్డు అందురు. చున్నీయు ఈ యపాయమునకు అతీతము కాదు. 1927లో ఫ్రాన్సుదేశపు నీస్ నగరమున ఇసడోరా డంకన్ అను ప్రఖ్యాతనర్తకి కంఠమున వేసికొన్న పొడవైన వస్త్రము కారుచక్రమున చిక్కుకొనుటచేతనే గదా ప్రాణము గోల్పోయినది! ప్రమాదమును చట్టము చేయువారు గుర్తించిరి. బండ్లు చేయువారు గుర్తించిరి. కొందరు బడి పెద్దలకు మాత్రము ఇంకను అది స్ఫురింపలేదు. స్కూటరు మీద పదిహేను కిలోమీటర్లు వచ్చు ఉపాధ్యాయినిని వారు గేటు దగ్గర నిలిపి, "చీర కట్టుకోకుండా వచ్చారేమిటమ్మా?" అని యడుగుచున్నారు.

చీరకట్టు అనాదినుండియు ఇట్లే యున్నదనియు, దానిని విడుచుట సంప్రదాయమునకు ద్రోహమనియు వాదించువారు గలరు. వారు ఒక వంగదేశపు స్త్రీ వృత్తాంతమును తెలిసికొనుట మంచిది. జ్ఞానదానందినీదేవి రవీంద్రనాథ ఠాగూరునకు వదినె. ఆమె భర్త సత్యేంద్రనాథుడు 1863లో ఐ.సి.యస్. పరీక్షయందు ఉత్తీర్ణుడైన ప్రథమ భారతీయుడు. ఆయనకు బొంబాయి రాజధానియందు కొలువు లభించెను. భార్యను వెంట గొనిపోవలయునని తలపెట్టిన నాడు ఎదురైన తొలి చిక్కులలో బట్టల చిక్కు ఒకటి. ఆనాటి వంగదేశమున అంతఃపురస్త్రీలు రవికయు పరికిణియు లేక ఒక్క చీరనే ఒంటికి చుట్టుకొనెడివారు. నాలుగు గోడల నడుమ అది చాలెను. ఓడ యెక్కుటకు చాలలేదు. ఒక ఫ్రెంచి దర్జీచేత ప్రాచ్యవేషమను పేర ఏదో కుట్టించిరి గాని, దానిని తొడుగుకొనుటయే ఆమెకు దుర్ఘటమయ్యెను. బొంబాయి చేరిన తరువాత పార్శీ స్త్రీల కట్టును పరిశీలించి, తన కనువుగా మార్చుకొని, రవికను పరికిణిని చేర్చి, ఆమె ఒక క్రొత్త కట్టును రూపొందించుకొనెను. కలకత్తాకు మరలి వచ్చిన పిదప బ్రహ్మసమాజపు స్త్రీలు దాని నవలంబించిరి. అందుచే దానికి బ్రాహ్మికా చీర యను పేరు వచ్చెను. ఆ జ్ఞానదానందినియే 1877లో భర్త తోడు లేకయే పిల్లలను వెంటబెట్టుకొని ఇంగ్లండునకు ప్రయాణము చేసెను.

ఇప్పుడు సనాతనమని చెప్పబడుచున్న వేషము, అనగా లోన పరికిణి, మీద రవిక, ఆపైన చీర అను కూర్పు, చదువుకొన్న స్త్రీల బయటి వేషమై వ్యాపించుటకు ఇట్టి ప్రయత్నములే తోడ్పడినవి. ప్రయాణము చేయవలసివచ్చిన యొక యువతి తన యవసరమునకై చేసికొన్న మార్పు అది. నూటయేబది యేండ్ల క్రిందటి ప్రయాణపు దుస్తులు నేటి ప్రయాణమునకు అడ్డు వచ్చినచో, ఆమె చేసిన పనినే మరల చేయుట ఆమెను అనుసరించుటయే యగును.

తెలుగువారి మాటలో ఈ విషయమై ఒక విశేషమున్నది. పనికి పూనుకొనుటను మనము నడుము కట్టుట యందుము, నడుము బిగించుట యందుము. పనిలోనికి దిగునప్పుడు బట్ట ఒంటిని విడిచి ఎగురరాదని ఈ పలుకుబడులను పుట్టించినవారికి తెలియును. నాట్లు వేయు స్త్రీలు కుచ్చెళ్లను ఎగదోపి, కొంగును నడుమునకు చుట్టుదురు. గోచీ పోసి కట్టు పద్ధతియు పనిపాటలవారిదే. మిరపకోతకును, ప్రత్తి ఏరుటకును పోవు స్త్రీలు చీరమీద మగవారి పాత పొడుగుచేతుల చొక్కాను తొడుగుకొందురు. ఎండ సోకదు, కొమ్మలు గీరుకొనవు, పైట జారదు. పైగా చొక్కాకు జేబు గూడ నుండును. వారిని చూచి సంప్రదాయము చెడినదని ఎవ్వరును విచారపడలేదు. అక్షరము నేర్చిన స్త్రీ బయటికి వచ్చినప్పుడే పెద్దలకు సంప్రదాయము జ్ఞప్తికి వచ్చుట వింత.

మరియొక వింత గలదు. నూరేండ్ల క్రింద తెలుగుపండితుడనగా పంచె, కోటు, కండువా, తలపాగా. నేటి తెలుగుపండితుడు ప్యాంటును చొక్కాను తొడుగుకొని, బెల్టు బిగించుకొని, మోటారుసైకిలు మీద బడికి వచ్చుచున్నాడు. ఛందస్సునకు గాని గురుపీఠమునకు గాని దానివలన లోపము వచ్చినట్లు కనబడదు. పంచె ఎప్పుడు పోయినదో, ఎవరు పోగొట్టిరో చెప్పగలవారు లేరు. అది బడి పెద్దల తీర్మానము లేకయే నిశ్శబ్దముగా పోయినది. పురుషుడు మార్చుకొనిన దుస్తులు సౌకర్యమనియు, స్త్రీ మార్చుకొనిన దుస్తులు విప్లవమనియు లెక్కించు అలవాటు మాత్రము పోలేదు.

ఈ చర్చ ప్రభుత్వముల దాకను పోయినది. కేరళమున ఉన్నతవిద్యాశాఖవారు 2021 నవంబరులో, అధ్యాపికలు చీరయే కట్టవలయునని నిర్బంధింపరాదని స్పష్టము చేసిరి. నాటి మంత్రిణి ఆర్. బిందు తాను గూడ కళాశాలలో బోధించినవారే. అస్సాములో 2023 మేలో ఉపాధ్యాయులకు వేషనియమము వచ్చినది. మహారాష్ట్రమున 2024 మార్చిలో వచ్చినది. ఈ రెండును కఠినమైన ఉత్తర్వులే. జీన్సును, టీషర్టును రెండును కాదన్నవి. అయినను ఆ రెండింటియందును స్త్రీలకు చీరతోపాటు సల్వారును అంగీకృతమే. ప్రభుత్వము కాఠిన్యము వహించిన చోటనే ఇంత వెసులుబాటున్నప్పుడు, ఉత్తర్వేమియు లేని చోట, ఉపాధ్యాయుల గదిలో గుసగుసలతో చీరను నిర్బంధముగా నిలుపుట యేమి న్యాయము? ఉత్తర్వు నైన చదివి, దానికి జవాబు వ్రాయవచ్చును. గుసగుసకు జవాబు వ్రాయుటకు తావు లేదు.

ఇంత చెప్పుట చీరను నిందించుటకు కాదు. 2014 సెప్టెంబరులో మంగళయానము కుజగ్రహమును చేరిన నాడు ఇస్రో మహిళలు పట్టుచీరలతో, కొప్పులలో పూలతో ఆనందించుచున్న ఛాయాచిత్రము ప్రపంచమంతట ప్రచురింపబడినది. చీర మేధకు అడ్డు కాదని చెప్పుటకు దానిని చూపువారు చక్కగనే చూపుచున్నారు. అయితే ఆ చిత్రములోని వారు చీరను తామై కట్టుకొన్నవారు. దానినుండి నిర్బంధమును పిండుటకు వీలు లేదు. చీరకు గల గుణములు అనేకములు. లావైనను సన్నమైనను అదే చీర సరిపోవును. గర్భవతికి వేరు బట్ట అక్కరలేదు. తల్లి చీర కూతురికి వచ్చును. బస్సుస్టాండులలోను, కొన్ని బడులలోను ఉన్న మరుగుదొడ్లను ఎరిగినవారు మరియొక సత్యమును గూడ ఒప్పుకొందురు. నేల తడిగా నుండి, తలుపునకు కొక్కెము లేని చోట చుడీదారుకంటె చీరయే సులువు. ఈ మాట సభ్యత కాదని దాటవేయుట తగదు. మరుగుదొడ్డి సరిగా లేనందున ఉదయమునుండి సాయంత్రము వరకు మంచినీరు త్రాగక పాఠములు చెప్పు ఉపాధ్యాయినులు గలరు. వారి బట్టలను గూర్చి మాటలాడువారు మొదట ఆ తలుపును బాగుచేయింపవలయును.

విమానములయందు పనిచేయు స్త్రీల కథ ఈ సందర్భమున తలచుకొనదగినది. ఎయిరిండియా పరిచారికలు 1960ల నుండి చీరకు ప్రసిద్ధులు. 2023 డిసెంబరులో ఆ సంస్థ క్రొత్త వేషమును ప్రకటించినపుడు, కుచ్చెళ్లు ముందే కుట్టబడిన చీరను, కావలసినవారు దానిక్రింద ప్యాంటు తొడుగుకొను వీలును కల్పించినది. చీర పోలేదు, పనికి తగినట్లు మారినది. పదివేల మీటర్ల ఎత్తున పనికివచ్చిన ఈ వివేకము పల్లెవెలుగు బస్సునకు ఏల పనికిరాకుండవలె?

ఇక పెట్టెలో ఏమి యుండవలయును? దుకాణమున కనిపించిన అందమునుండి ఆరంభించినవారికి పెట్టె నిండును గాని పని తీరదు. ఏడాదిలో మిక్కిలి కష్టమైన దినము ఏదో దానినుండి ఆరంభించుట మేలు. ఉపాధ్యాయినికి అట్టి దినము ఎన్నికల దినము. 2024 మే 13న తెలుగురాష్ట్రములు రెండింటను ఓటింగు జరిగినది. ముందునాడే పంపిణీ కేంద్రమునకు పోయి, యంత్రములను కాగితములను లెక్కచూచి తీసికొని, బస్సులోనో లారీలోనో పోలింగు కేంద్రమునకు చేరవలయును. రాత్రి అక్కడనే బస చేయువారును గలరు; తెల్లవారకముందే చేరుకొనువారును గలరు. ఓటింగు ఏడు గంటలకైనచో మాక్ పోలు అయిదున్నరకే జరుగవలయును. అంతకు ముందే స్నానము, బట్ట మార్చుకొనుట. ఆ స్నానము బడి వెనుక కుళాయి దగ్గర. బట్ట మార్చుకొనుట బల్లలు అడ్డుపెట్టిన తరగతిగదిలో. అటుపిమ్మట సాయంత్రము వరకు లేచుటకు వీలు లేదు. ఓటింగు ముగిసిన తరువాత సీళ్లు వేసి, సామగ్రిని మరల అప్పగించి ఇల్లు చేరునప్పటికి అర్ధరాత్రి. మే నెల యెండలో, తెల్లవారు నాలుగు మొదలు నడిరేయి వరకు, ఒక్క బట్ట. అది ఏ బట్ట యైన బాగుండును అని యోచించినచో సగము సమస్య తీరినట్లే.

గంజి పెట్టి ఇస్త్రీ చేసిన నూలుచీర ఉదయమున రాజసముగా నుండును. లారీలో గంటసేపు కూర్చున్న పిమ్మట దాని రాజసము నలుగుటలో కలిసిపోవును. పాలిస్టరు చీర నలుగదు, త్వరగా ఆరును, ఇస్త్రీ అక్కరలేదు; కాని చెమటను పీల్చదు. రసాయనశాస్త్రము బోధించువారు మరియొకటి యెరుగుదురు. నిప్పు సోకినచో పాలిస్టరు కరగి చర్మమునకు అంటుకొనును. కావున ప్రయోగశాలలో బర్నరు ముందు దానికి చోటు లేదు. నూలును పాలిస్టరును కలిపి నేసిన బట్టలు దూరప్రయాణమునకు కొంత మధ్యేమార్గము. రాత్రి ఉతికి లాడ్జిగదిలోని కుర్చీమీద ఆరవేసినది తెల్లవారునప్పటికి ఆరవలయును: పదవతరగతి జవాబుపత్రములు దిద్దుటకు జిల్లాకేంద్రమునకు పోయి దినముల తరబడి ఉండువారికి ఇంతకుమించిన పరీక్ష వేరొకటి లేదు. రంగు విషయమున సుద్దముక్కనే అడుగవలయును. నల్లని బట్టపై సుద్దపొడి ప్రదర్శనశాలలోవలె కనబడును. తెల్లని బట్టపై దారిదుమ్ము కనబడును. నడిమి రంగులు, చిన్న చిన్న అచ్చులు, ఇకత్తులు ఈ రెండింటిని దాచుకొనును. ఎన్నికల సిరాలోని సిల్వరు నైట్రేటు బట్టకు అంటిన మచ్చ ఉతుకులకు లొంగదు గావున, ఆనాటికి పాతబట్టయే మంచి బట్ట. నెలసరి దినములలో ప్రయాణము తప్పనపుడు ముదురురంగు జత యొకటి సంచిలో నుంచుకొనుట ఉద్యోగినులు ఒకరికొకరు చెప్పుకొను ఉపాయము. దానిని శిక్షణతరగతులలోనే బాహాటముగా చెప్పినచో నష్టమేమియు లేదు.

చెప్పులను గూర్చి ఒక్క మాట చాలును. చీరకుచ్చెళ్లు చెప్పుల యెత్తునుబట్టి పెట్టబడును. ఎత్తుమడమల చెప్పులు తొడిగి కట్టిన చీరతో, దారిలో అవి తెగి చదునైనవి కొనుక్కొనినచో, అంగలంగకు అంచు కాలికి తగులును. మడమకు పట్టీ గల చదునైన చెప్పులు రెండు జతలుండిన చాలు.

అన్నింటికంటె ముఖ్యమైనది జేబు. ఇది హాస్యమునకు చెప్పుమాట కాదు. తాళములు, ఫోను, గుర్తింపుకార్డు, చిల్లర, సుద్దముక్క: ఇవన్నియు పురుషుని ఒంటిమీద ఉండును, స్త్రీకి సంచిలో ఉండును. సంచి బల్లమీద మరచినచో ఆమె సర్వస్వమును మరచినట్లే. కుర్తాకు ప్రక్కజేబు పెట్టుమన్నచో కుట్టుపనివారు తరచుగా, "షేపు పోతుందండి" అని సందేహింతురు. ఆకారము కొంత పోయినను పెట్టించుకొనవలసినదే. చీర కట్టువారు పరికిణికి లోజేబు కుట్టించుకొనవచ్చును. మన ముసలమ్మలు బొడ్డుసంచిని నడుమున దోపుకొని తీర్థయాత్రలన్నియు చేసివచ్చిరి. వారి సొమ్ము పోయిన కథలు తక్కువ. కనీసము చెయ్యంత లోతు లేని జేబు జేబు కాదు, అలంకారము. రెడీమేడు కుర్తాలకు కొన్నింటికి జేబువలె కనబడునట్లు కుట్టు మాత్రము వేయుచున్నారు. ఉద్యోగిని దుస్తులమీద ఇంతకంటె క్రూరమైన పరిహాసము లేదు.

ఎన్ని జతలు కావలయును? ఆరు దినముల బడికి ఆరు జతలు కావలెనను శాసనము లేదు. మూడు నాలుగు కుర్తాలు, వాటన్నిటికి నప్పు రెండు రంగుల చుడీదారులు, రెండు మూడు చీరలు ఉన్నచో ఒక సంవత్సరము సునాయాసముగా గడచును. అయితే ఇచ్చట ఉద్యోగిని భయపడునది మురికికి కాదు, పిల్లల కంటికి. "టీచరుగారు మొన్నటి చీరే కట్టుకొచ్చారు" అని మూడవ బెంచిలో వినబడు మాట ఆమె చెవిని తప్పక సోకును. ఉపాధ్యాయుడు రెండు చొక్కాలతో ఏడాది గడపినను ఆ మాట పుట్టదు. పిల్లలు దీనిని ఎచ్చట నేర్చిరి? ఇంటిలో నేర్చిరి; పెద్దలు పేరంటములలో చీరలను లెక్కించుచుండగా చూచి నేర్చిరి. ఈ భయమువలన తొలి ఏడాది జీతములో ఎంత భాగము వస్త్రదుకాణమునకు పోవుచున్నదో ప్రతి యుద్యోగిని తన పద్దులో తాను చూచుకొనవచ్చును. చీర ధర చీరతో ముగియదు. ఫాల్ కుట్టించుట, రవిక గుడ్డ, రవిక కుట్టుకూలి, పరికిణి, గంజి, ఇస్త్రీ అన్నియు దాని వెంట వచ్చును. పెక్కుచోట్ల రవిక కుట్టుకూలి చౌకచీర ధరతో పోటీపడుచున్నది. అధ్యాపికలందరు ఒకే రంగు చీర కట్టవలయునని కోరు ప్రయివేటు పాఠశాలలు, ఆ చీర వెలను, రవిక కూలిని తామే భరించుట న్యాయము. వేషము సంస్థ కోరినదైనపుడు దాని ఖర్చును గూడ సంస్థయే పెట్టుకొనవలయును.

చేనేత పేరు చెప్పి చీరను సమర్థించువారు మంగళగిరికి పోయి చూడవలయును. అక్కడి గుంటమగ్గములపై నేసిన నూలుబట్టకు నిండుతనమున్నది; నడుమ అల్లికలు లేని సాదాతనము, నిజాము అంచు దాని గుర్తులు. ఆ నేతగాండ్రు చీరలతోపాటు కుర్తాలకును చుడీదారులకును తగిన తానులను గూడ నేయుచున్నారు. పోచంపల్లి ఇకత్తును ముందు నూలును కట్టి, రంగులద్ది, పిమ్మట నేయుదురు గనుక రంగు గుడ్డకు రెండు ప్రక్కల నుండును. అదియు కుర్తా గుడ్డగా దేశమంతట ప్రచారమున నున్నది. కొనువారి జీవితము మారినదని నేతగాడు గ్రహించి, తన మగ్గమును దాని కనుగుణముగా నడుపుకొనుచున్నాడు. 1905 నాటి స్వదేశీ ఉద్యమమును తలచుకొనుచు 2015 నుండి ఆగస్టు 7ను జాతీయ చేనేత దినముగ జరుపుచున్నారు. ఆ యొక్క దినమున పట్టుచీరతో ఛాయాచిత్రము తీయించుకొనుటకంటె, ఏడాదికి నాలుగు చేనేత కుర్తాలు కొని, వెలిసిపోవువరకు తొడుగు ఉపాధ్యాయినివలన నేతగాని యింటికి ఎక్కువ మేలు కలుగును.

పదవతరగతి బాలికలు ఇదంతయు చూచుచునే యుందురు. గణితము చెప్పు యువతి బోర్డు పైయంచువరకు చేయి చాచి వ్రాయునపుడు పైటను ఒక చేత పట్టుకొనుచున్నదా లేక నిశ్చింతగా వ్రాయుచున్నదా అనునది వారి కంటిని తప్పించుకొనదు. రేపు వారు నర్సులై, సర్వేయర్లై, బ్యాంకు ఉద్యోగినులై, విద్యుచ్ఛాఖ ఇంజనీర్లై దూరపుటూళ్లకు పోవలసినవారు. ఆటలపోటీకి పోవునపుడు వారికి ట్రాకుసూటు ఇచ్చిన ఉపాధ్యాయుడే, వారిని తీసికొని పోవు ఉపాధ్యాయిని మాత్రము చీరలోనే పరుగెత్తవలెనని కోరుట చూచి వారేమి తలంతురు?

చీరయే కట్టవలయునని యిప్పటికిని పట్టుదల గల బడులలో కొందరు యువతులు ఒక త్రోవ కనుగొనిరి. చుడీదారుతో బస్సు దిగి, సంచిలో తెచ్చుకొన్న చీరను బడిలో కట్టుకొని, సాయంత్రము మరల మార్చుకొని బస్సెక్కుచున్నారు. దీనివలన దినమునకు అరగంట పోవుచున్నది. సంచి బరువు హెచ్చుచున్నది. అది స్టోరురూములో, పాత మ్యాపుల చాటున జరుగుచున్నది. ప్రధానోపాధ్యాయులు తమ మాటను వెంటనే మార్చుకొనలేకున్నచో, అంతవరకు కనీసము ఒక చిన్నగదిని ఖాళీ చేయించి, లోపలినుండి పడు గొళ్లెమును, గోడకు రెండు కొక్కెములను, ఒక అద్దమును పెట్టింపవచ్చును. గొళ్లెమునకు పాఠశాల నిధులనుండి అయ్యెడు వ్యయము అతిస్వల్పము. దానికి పైవారి అనుమతియు అక్కరలేదు.